గుహకో గంప

ఒక పెద్ద అడవిలో, పెద్దదని రోడ్డు పక్క బోర్డు మీద రాసుంది గాని నిజానికి ఈమధ్య బాగా చిక్కిపోయింది, ఒక కొలువుండేది. కొలువన్నాక రాజుండాలి కనక సింహం ఉంది. మంత్రి ఉండాలి కనక నక్క ఉంది. చప్పట్లు కొట్టేవాళ్ళుండాలి కనక మిగతా అడవంతా ఉంది.

సింహం పేరు కేసరి మహారాజు. ఒకప్పుడు ఆయన గర్జిస్తే కొండ అవతలున్న జింకలకి జ్వరం వచ్చేది. ఇప్పుడు గర్జిస్తే ఆయనకే దగ్గొస్తోంది. దానికి తోడు మోకాళ్ళ నొప్పులు. జింకలు కూడా ఏదో మర్యాదకి నాలుగడుగులు పరుగెత్తి, వెనక్కి తిరిగి చూసి, "ఇంక రార్లెండి" అనుకుని మళ్ళీ మేతలో పడేవి.

నక్క పేరు జంబుకరాయుడు. ఆయనకి నొప్పులేమీ లేవు. ఆలోచనలే.

ఆ అడవి అంచున ఒక ముళ్ళపొదలో నాటుకోళ్ళ మందొకటి కాపురముండేది. అందులో బూడిదమ్మ అని ఒక ముసలి పెట్ట. ఈ కథ ఆమెదే. బూడిద రంగు ఒళ్ళు, ఈకలు రాలిన మెడ, పుల్లల్లాంటి కాళ్ళు. చూడగానే ఎవరికీ ఆకలి వేసే రకం కాదు. అందుకే అంతకాలం బతికింది.

బూడిదమ్మకి ఒకటే పిచ్చి, పొదగడం. ఎవరి గుడ్డు కనబడినా దాని మీద కూర్చునేది. ఒకసారి బాతుగుడ్డు పొదిగి, ఆ పిల్ల నీళ్ళలోకి దిగి ఈదుకుంటూ పోతే, ఒడ్డున నిలబడి "అయ్యో, మునిగిపోతోందర్రా!" అని లబోదిబోమంది. ఇంకోసారి ఒక గుండ్రటి గులకరాయి మీద కూర్చుంది. తోటి పెట్టలు నవ్వాయి. "నవ్వితే నవ్వండి, వెచ్చగానే ఉంది పాపం" అంది.

అలా పొదిగినవాటిలో ఒక పందెంకోడి గుడ్డుంది. దాని తల్లిని గద్ద తన్నుకుపోతే, చల్లబడిపోతున్న ఆ గుడ్డుని ముక్కుతో దొర్లించుకొచ్చి రెక్క కింద పెట్టుకుంది. అందులోంచి డేగ రంగు పుంజు పుట్టాడు. పొడుగు మెడ, ఎర్రటి రెక్కలు, నేల మీద ఆనని నడక. అందరూ వాణ్ణి డేగదొర అనేవాళ్ళు. వాడూ అనిపించుకునేవాడు.

డేగదొర పెద్దయ్యాక బూడిదమ్మతో కలిసి గింజలేరుకోవడం మానేశాడు.

"మా ముత్తాత కోటలో పెరిగాడు. బాదంపప్పు తిన్నాడు. నేను ఈ పెంటకుప్ప మీద కెలకడమేమిటి?" అన్నాడు ఒకరోజు.

"కోటలో ఉన్నవాడి గుడ్డు ఈ పొదలోకెలా వచ్చింది నాన్నా?" అంది బూడిదమ్మ.

"అది వేరే సంగతి. నలుగురిలో నన్ను నాన్నా, కన్నా అని పిలవకు. నీ రెక్కల కింద పొదిగావు, కాదనను. అంతమాత్రాన నేను నీ గుడ్డునైపోతానా?"

"గుడ్డు ఎవరిదైతే ఏంరా. పొదిగాక బిడ్డే."

"వంశమనేది ఒకటుంటుందమ్మా" అని మెడ సాచి, తన వంశం ఎటుందో చూస్తున్నట్టు దూరంగా చూశాడు. బూడిదమ్మ మనసు చివుక్కుమంది. అయినా వాడు నిద్రపోయాక వెళ్ళి వాడి రెక్కల సందుల్లో పేలు ఏరింది.

ఇలా ఉండగా ఘాట్‌రోడ్డు మలుపులో కోళ్ళ లారీ ఒకటి బోల్తా పడింది. బతికిన కోళ్ళన్నీ దొర్లుకుంటూ అడవిలోకొచ్చాయి. తెల్లగా, లావుగా, పది అడుగులు వేస్తే ఆయాసపడి కూలబడేవి. పుట్టాక ఎండ చూడటం వాటికదే మొదటిసారి. "ఈ బల్బు ఎవరూ ఆర్పరా?" అని ఒకదాన్నొకటి అడుక్కుంటూ కళ్ళు చికిలించాయి.

వాటిని చూడగానే జంబుకరాయుడికి నోరూరింది. నోరూరినప్పుడల్లా ఆయనకి ప్రజాసేవ గుర్తొస్తుంది. వెంటనే కొలువు పెట్టించాడు.

"ప్రభూ! నాటుకోడికి రుచుంది, ఒళ్ళు లేదు. లారీకోడికి ఒళ్ళుంది, రుచి లేదు. ఈ రెంటినీ కలిపి కొత్త జాతి తీస్తే రుచికి రుచి, ఒళ్ళుకి ఒళ్ళు" అన్నాడు.

"రెండూ లేనిది పుడితేనో?" అంది ఎలుగుబంటి.

"మంచి మాట మాట్లాడండి బాబూ, శుభమా అని మొదలెడుతుంటే."

సింహం గడ్డం గోక్కుని, "పరుగెత్తాలా?" అని అడిగాడు.

"ఎంతమాట ప్రభూ! తమరు కూర్చున్నచోట కూర్చునే ఉంటారు. ఇంట్లోనే పెంచుకోవడం, ఇంట్లోనే కోసుకోవడం. గుహకో గంప, గంపకో పుంజు, నాలుగు పెట్టలు. పథకం పేరు కూడా అదే, గుహకో గంప."

చప్పట్లు మోగాయి. చప్పట్లు కొట్టినవాళ్ళలో కుందేళ్ళు కూడా ఉన్నాయి. మన వంతు తప్పిందిలే అని వాటి సంతోషం.

మర్నాడు జంబుకరాయుడు ముళ్ళపొద దగ్గరకొచ్చి, రెండు చేతులూ జోడించి నాటుకోళ్ళకి నమస్కారం పెట్టాడు. లోకంలో నక్క చేత దండం పెట్టించుకున్న కోళ్ళు అవే. సగం కోళ్ళు అక్కడే పడిపోయాయి.

"అమ్మలారా, మీది ప్రాచీన జాతి. అంతరించిపోతోంది. దాన్ని నిలబెట్టాలని మహారాజుగారి సంకల్పం" అన్నాడు.

"నిలబెట్టి ఏం చేస్తారు బాబూ?" అంది బూడిదమ్మ.

"తింటాం అత్తా. నీ దగ్గర దాపరికమెందుకు? తినేవాళ్ళుంటేనే జాతి నిలుస్తుంది. ఎవరూ తినని జాతిని ఎవరు పెంచుతారు చెప్పు?"

"అంటే నిలిచేది జాతి, పోయేది మేమూ. అంతేనా?"

"భేష్! మా కొలువులో ఎలుగుబంటికి మూడుసార్లు చెప్పాల్సొచ్చింది."

తక్కిన పెట్టలకి 'ప్రాచీన' అన్న మాట ఒక్కటే వినబడింది. అన్నీ ఈకలు సవరించుకున్నాయి.

చిక్కల్లా డేగదొరతో వచ్చింది. "తల్లీ తండ్రీ ఎవరో తెలియని మిషను కోళ్ళు! వాటితో నాకు సంబంధమా? మా ముత్తాత ఆత్మ ఏమైపోవాలి?" అని గంతులేశాడు.

జంబుకరాయుడు చెట్టుచాటుకి తీసుకెళ్ళాడు. "దొరవారూ, ఇది సంబంధం కాదు, సేవ. తమకి 'వంశోద్ధారక' అని బిరుదిస్తున్నాం. రోజూ పొద్దున తమరు కూసేముందు కోతులు ఆ బిరుదు చదువుతాయి."

"ఎన్ని కోతులు?" అన్నాడు డేగదొర.

ఆ సాయంత్రానికే ముత్తాత ఆత్మ శాంతించింది.

లారీకోళ్ళు గుడ్లు పెట్టాయి. పెట్టి, ఏదో జారవిడిచినట్టు అలా నడిచివెళ్ళిపోయాయి. పాపం, వాటిని పొదిగింది మిషను. వాళ్ళమ్మా కూర్చోలేదు, వాళ్ళమ్మమ్మా కూర్చోలేదు. అలాంటి అలవాటొకటి లోకంలో ఉందనే వాటికి తెలియదు. ఆ గుడ్లన్నీ నాటుపెట్టలే పొదిగాయి. బూడిదమ్మ కింద అందరికంటే ఎక్కువ పెట్టారు. ఆమె కాదనలేదు. అవి డేగదొర పిల్లలు మరి, మనవలు.

కొత్త జాతి పుట్టింది. తల్లి ఒళ్ళు, తండ్రి కాళ్ళు. తల్లి ఆకలి, తండ్రి కోపం. తినడానికి కొట్టుకునేవి, కొట్టుకుని అలిసిపోయి మళ్ళీ తినేవి. తోడేలు తన గంప ఎత్తి చూడబోతే ఆరు కోళ్ళు కలిసి దాని తోక పీకాయి. ఏమైనా మాంసం మాత్రం మాంసమే. మొదటి కోడి వండినరోజు కేసరి మహారాజు తొడముక్క నములుతూ కన్నీళ్ళు పెట్టుకున్నాడు.

"ఇన్నేళ్ళూ ఆ జింకల వెంట ఎందుకు పరుగెత్తానురా రాయుడూ!"

ఆ కన్నీళ్ళతో పథకం జయించినట్టు ప్రకటన వెలువడింది. జయించాక సభలు తప్పవు. సభలన్నాక భోజనాలు తప్పవు. కొత్త జాతి కోళ్ళు పథకం ఆస్తి, ఎదగనివ్వాలి, కాబట్టి సభల్లోకి నాటుకోళ్ళని వండేవారు. విజయసభకి కొన్ని పోయాయి. సమీక్షకి కొన్ని పోయాయి. సమీక్ష ఎలా జరిగిందో తెలుసుకోవడానికి పెట్టిన సమీక్షకి ఇంకొన్ని పోయాయి. నాటుకోళ్ళు ఎందుకిలా తగ్గిపోతున్నాయో విచారించమని ఒక సంఘం వేశారు. ఆ సంఘం మూడురోజులు కూర్చుని, ఉన్నవాటిని పూర్తిచేసి లేచింది.

బూడిదమ్మ మిగిలింది. ఎలుగుబంటి ఒకసారి ఆమెని ఎత్తి, తూచి, "కట్టెలు దండగ" అని కింద పెట్టేసింది.

తరువాత డేగదొరకి సన్మానమన్నారు. కొత్త పుంజులు ఎదిగొచ్చాయి, పాత పుంజుతో పని తీరింది. పని తీరినవాళ్ళకే కదా సన్మానం చేస్తారు!

వాడు ముస్తాబవుతుంటే బూడిదమ్మ వచ్చి నిలబడింది. సభ జరిగే వైపు నుంచి గాలి వీస్తోంది.

"ఒరే డేగా, అక్కడ అల్లం నూరుతున్నట్టున్నారేమిట్రా?"

"అతిథులకి టీలోకి."

"వెల్లుల్లి వాసన కూడా వస్తోంది."

"గొప్పవాళ్ళు ఏం కలుపుకుంటారో నీకేం తెలుసు!"

"వెళ్ళకు నాన్నా. నా మాట విను. బిరుదిచ్చినవాళ్ళు మళ్ళీ ఎందుకు పిలుస్తున్నారో ఆలోచించు. కడుపు తీపితో చెబుతున్నా."

"నీ కడుపున నేను పుట్టలేదు. ఎన్నిసార్లు చెప్పాలి?" అన్నాడు డేగదొర, తోక సవరించుకుని. రెండడుగులు వేసి ఆగాడు. ఏమనుకున్నాడో, "నీ వాటా గింజలు పంపిస్తాలే" అన్నాడు. వెళ్ళిపోయాడు.

దండ వేశారు. శాలువా కప్పారు. కోతులు బిరుదు చదివాయి. జంబుకరాయుడు గొంతు పూడుకుపోతుండగా, "వంశోద్ధారకులు ఇకమీదట మనందరిలో ఒక భాగమైపోవాలని నా కోరిక" అన్నాడు. సభికుల కోరిక కూడా అదే. డేగదొర బదులుగా ఒక కూత అందుకున్నాడు. ఆ కూత సగంలో ఆగిపోవడం ముళ్ళపొదలో బూడిదమ్మకి వినబడింది.

ఆమె ఏడ్చింది. కోళ్ళు ఏడుస్తాయా అని అడక్కండి. పొదిగినవాళ్ళు ఏడుస్తారు. బతికినన్నాళ్ళూ నువ్వెవరన్నవాడి కోసం ఇంత దుఃఖమెందుకో ఆమెకే అర్థం కాలేదు. రెక్క కింద అన్ని రోజులు పెట్టుకున్న వెచ్చదనం పోయేది కాదు, వాడు ఎన్ని మాటలన్నా పోలేదు.

ఎండలు ముదిరేసరికి కొలువులో గగ్గోలు మొదలైంది. గుహల్లో కోళ్ళు అయిపోవస్తున్నాయి. కొత్తవి పుట్టడంలేదు. పెట్టలు గుడ్లయితే పెడుతున్నాయి. పొదగమంటే మాత్రం "అదేమిటీ?" అంటున్నాయి. పొదగడం తెలిసిన నాటుపెట్టలన్నీ సమీక్షల్లో పోయాయి. గుహ నిండా గుడ్లు దొర్లుతున్నాయి, ఒక్కటీ పిల్ల కావడంలేదు.

కొండచిలువ ముందుకొచ్చింది. "గుడ్లు చుట్టుకుని కూర్చోవడం మా ఇంటి విద్య. నాకప్పగించండి" అంది. అప్పగించారు. వారం తరువాత జంబుకరాయుడు వెళ్ళి గుడ్లేవని అడిగితే, "చాలా వెచ్చగా ఉన్నాయి" అని కడుపు నిమురుకుంది.

కేసరి మహారాజుకి ఒళ్ళు మండింది. "రాయుడూ, తొలకరి పడ్డాక మన కొలువు పండగ. ఆనాటికి ప్రతి గుహలో కోళ్ళుండాలి. లేకపోతే గంప కింద నువ్వుంటావు" అన్నాడు. రాజు ఆ మాట దగ్గకుండా అనేసరికి జంబుకరాయుడికి చెమటలు పట్టాయి.

అడవంతా గాలించగా గాలించగా బూడిదమ్మ దొరికింది. ముళ్ళపొదలో పదమూడు గుడ్ల మీద కూర్చునుంది. గుహల ముందు దిక్కులేకుండా దొర్లుతున్న గుడ్లని ఒక్కొక్కటే ముక్కుతో తోసుకుంటూ తెచ్చుకుంది. అవన్నీ డేగదొర సంతతే. వాడి వంశమంటూ మిగిలింది అదే.

"అత్తా!" అని కాళ్ళ మీద పడ్డాడు జంబుకరాయుడు. "మా తల్లివి కదూ! అన్ని గుహల గుడ్లూ నువ్వే పొదగాలి. పండగ దాటనీ, నీకు కంచంలో పెట్టి మరీ..."

"గింజలా, నన్నా?" అంది బూడిదమ్మ.

జంబుకరాయుడు నవ్వేశాడు. నక్కలు నవ్వినప్పుడు పళ్ళు కనబడతాయి.

ఆ రోజంతా ఆమె గుడ్ల మీదే కూర్చుని ఆలోచించింది. పొదగనంటే ఇప్పుడే చంపుతారు, గుడ్లు చల్లబడిపోతాయి. పొదిగితే పండగ రోజున తననీ తింటారు, ఈ పదమూడింటినీ తింటారు. తను పోతే పోనీ, ముసలిది. వీళ్ళు మాత్రం పోకూడదు. డేగదొర గుర్తొచ్చాడు. అన్ని మాటలన్నవాడిని తను ఎందుకు మరిచిపోలేకపోయింది? పొదిగింది కనక. ఆ సంగతి తట్టగానే బూడిదమ్మ తల ఒక పక్కకి వంచి గుహల వైపు చూసింది.

మర్నాడు కొలువుకొచ్చి నిలబడి చెప్పింది.

"ప్రభూ, నా రెక్కల కింద ఇంకొక్క గుడ్డు కూడా పట్టదు. ఏ గుహ గుడ్లు ఆ గుహవాళ్ళే పొదుక్కోవాలి."

కొలువు అదిరిపోయింది. "మేమా!" అంది తోడేలు. "పులిని పట్టుకుని పొదగమంటావా!" అంది పులి. "మృగరాజు గుడ్ల మీద కూర్చోవడమా? చరిత్రలో ఉందా?" అన్నాడు జంబుకరాయుడు.

"రాజుగారు ఎలాగూ రోజంతా పడుకునే ఉంటారు కదా బాబూ. పడుకునేదేదో గుడ్ల పక్కన పడుకుంటే పోయేదేముంది?"

సింహం కాసేపు ఆలోచించి చూసుకున్నాడు. అందులో తప్పేమీ కనబడలేదు.

"మంత్రిగారు కూడా ఓ నాలుగు పెట్టుకుంటే..." అంది బూడిదమ్మ.

"నేనా? నేను పర్యవేక్షించాలి కదా!" అన్నాడు జంబుకరాయుడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన కూర్చుని చేసిన పని లేదు, తిరిగి చేయించిన పనులే.

అలా అడవి పొదగడానికి కూర్చుంది. ఎండుటాకులు పరిచి, బొచ్చు పొట్ట ఆనించి, బరువు పడకుండా మోచేతుల మీద ఒరిగి ఎలా పడుకోవాలో బూడిదమ్మ చూపించింది. లేస్తే గుడ్లు చల్లబడతాయి, కాబట్టి వేట లేదు. జంబుకరాయుడే ఏటికి పోయి పీతలు పట్టుకొచ్చి గుహగుహకీ తిరిగి పెట్టాడు. జింకలు గుహల ముందు నుంచే నడిచివెళ్ళాయి. పులి తల తిప్పి చూసి, "ఎవరైనా కొంచెం ఆ ఎండ ఆపండర్రా, గుడ్ల మీద పడుతోంది" అంది. జింకలే అడ్డం నిలబడ్డాయి.

మొదటి వారం అందరూ సణిగారు. రెండో వారం సణుగుడు తగ్గింది. మూడో వారంలో బూడిదమ్మ గుహగుహకీ వెళ్ళి, "ఇంక మాట్లాడండి. లోపల వాళ్ళకి వినబడుతుంది" అంది.

"గుడ్డుతో ఏం మాట్లాడతారు?" అన్నాడు సింహం.

"ఏదో ఒకటి. ఉన్నానని చెప్పాలి, అంతే."

కేసరి మహారాజు అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, గుడ్డు దగ్గరగా మూతి పెట్టి, "ఉన్నాను" అన్నాడు.

గుడ్డులోంచి సన్నగా "కీచ్" మంది.

సింహం ఉలిక్కిపడ్డాడు. "మాట్లాడింది! నాతో మాట్లాడిందే!" అని గుహంతా మారుమోగేలా అరిచి, మళ్ళీ గుడ్డు జడుసుకుంటుందేమోనని నోరు మూసుకున్నాడు. ఇన్నేళ్ళ రాజ్యంలో ఏమీ ఆశించకుండా ఆయనకి జవాబిచ్చింది అదొక్కటే.

పిల్లలు పుట్టాయి. గుడ్డు పగలగొట్టుకుని, తడి ఈకలతో తూలుకుంటూ లేచి, ఎదురుగా కనబడిన మొదటి ముఖాన్ని చూసి "అమ్మా!" అన్నాయి. ఎదురుగా ఉన్నది జూలూ, కోరలూ.

"నన్నేనా?" అన్నాడు కేసరి మహారాజు. వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు. ఎవరూ లేరు. "ఊఁ" అన్నాడు.

అక్కడినుంచి అడవి సంగతి చెప్పతరం కాదు. ఎలుగుబంటి చెదపుట్ట తవ్వి, తను ఒక్కటీ నాకకుండా పిల్లలకి చెదలు పెట్టేది. ఆకాశంలో గద్ద తిరిగితే తోడేళ్ళు గుంపుగా నిలబడి ఊళలేసేవి. పెద్దపులి, "మావాడికి రెక్కలో మొదటి ఈక వచ్చింది చూశావా?" అని దారిన పోయేవాళ్ళందరినీ ఆపి చూపించేది. చూడకుండా పోయే ధైర్యం ఎవరికుంది!

పండగ వచ్చింది. జంబుకరాయుడు తెల్లవారకముందే లేచి మసాలా నూరించాడు, పెద్ద కుండ పొయ్యెక్కించాడు. గంప పుచ్చుకుని బయలుదేరాడు. పులి గుహకి వెళితే పులి గుర్రుమంది. తోడేలు గుహకి వెళితే గంప చీల్చేసింది. ఎలుగుబంటి, "మావాళ్ళకి జలుబు చేసింది, బాగుండదు" అని తలుపుకి రాయి అడ్డం పెట్టేసింది. కొండచిలువ ఒక్కతే పిల్లలుంటే ఇచ్చేదేమో, ఆమెకి లేవు.

చివరికి సభలో జంబుకరాయుడు ఒగురుస్తూ నిలబడ్డాడు. "ప్రభూ, విందుకి కోళ్ళు ఎవరూ ఇవ్వడంలేదు!"

"అన్యాయం!" అన్నాడు సింహం. "పండగన్నాక విందుండాలి. నా పిల్లలు తప్ప ఎవరివైనా వండు."

"నావి తప్ప ఎవరివైనా" అంది పులి.

"నావి తప్ప" అంది ఎలుగుబంటి.

అలా అందరూ ఏకాభిప్రాయానికొచ్చారు. కుండలో నీళ్ళు కళపెళా మరుగుతున్నాయి. జంబుకరాయుడి చూపు సభంతా తిరిగి, ఒక మూలన పదమూడు పిల్లలతో నిలబడ్డ బూడిదమ్మ మీద ఆగింది.

"దొరికింది ప్రభూ! ఆ పదమూడూ ఉన్నాయిగా. అవి ఈ సభలో ఎవరి పిల్లలూ కావు. కోడి పిల్లలు!"

సభ మొత్తం హమ్మయ్య అనుకుంది. "అవును సుమా" అంది పులి. "కోడి పిల్లలే" అంది తోడేలు. చప్పట్లు కూడా పడ్డాయి.

బూడిదమ్మ పదమూడింటినీ దగ్గరికి లాక్కుంది. అందరినీ తల్లుల్ని చేసింది గాని, తన పిల్లలు వాళ్ళెవరికీ బిడ్డలు కారన్న సంగతి ఆలోచించలేదు. పిల్లలన్నీ ఆమె రెక్కల కిందికి దూరాయి. పట్టినన్ని పట్టాయి, మిగతావి తలలు మాత్రం దూర్చాయి. పారిపోవడానికి చోటు లేదు.

"సరే ప్రభూ" అంది. "వండండి. ఒకటే మనవి. మీ పిల్లలందరూ ఇక్కడే ఉన్నారు. చూస్తారు. వాళ్ళు అడిగితే ఏం చెబుతారో అదొక్కటి ముందే అనుకుని వండండి."

"పిల్లలు ఏమడుగుతారులే" అన్నాడు జంబుకరాయుడు.

సరిగ్గా అప్పుడే సింహం జూలులోంచి ఒక పసుప్పచ్చ తల బయటికొచ్చింది.

"అమ్మా, ఆ కుండలో ఏం వండుతారు?"

కేసరి మహారాజు నోరు తెరిచాడు. మూశాడు. కుండకేసి చూశాడు. రెండు కొండల మధ్యనున్న రాజ్యాన్ని ఏలినవాడు, ఒక అరచేతి పిల్లకి జవాబు చెప్పలేకపోయాడు.

"దుంపలు" అన్నాడు చివరికి.

"ఏం దుంపలు?"

"చేమదుంపలు. అంతే కదూ రాయుడూ?"

"ప్రభూ, కానీ..."

"చేమదుంపలే!" అంది పులి, తన పిల్లల కళ్ళు మూస్తూ. "మాకు చేమదుంపలంటే ప్రాణం!" అంది తోడేలు. సభ సభంతా చేమదుంపలని కేకలేసింది.

పసుప్పచ్చ తల ఇంకా లోపలికి పోలేదు. "మరి ఆ నక్కమామ బూడిదమ్మామ్మ పిల్లల వైపు అలా ఎందుకు చూస్తున్నాడమ్మా? నా వైపు కూడా చూశాడు."

కేసరి మహారాజు మెల్లిగా జంబుకరాయుడి వైపు తిరిగాడు. పులి తిరిగింది. తోడేళ్ళు తిరిగాయి. ఒక తల్లి చూస్తేనే భయం, సభ నిండా తల్లులే. సింహం గర్జించాడు. ఈసారి దగ్గు రాలేదు. జంబుకరాయుడు గంప అక్కడే పారేసి, ఏరు దాటి, కొండ దాటి, పక్క అడవిలో పడేదాకా ఆగలేదు.

ఆ పూట అందరూ చేమదుంపల పులుసు తిన్నారు. బాగుందన్నారు. గొంతులు దురదపెడుతుంటే బాగుందని చెప్పడం ఎంత కష్టమో తిన్నవాళ్ళకి తెలుస్తుంది.

కానీ పులి కడుపు చేమదుంపలతో ఎన్నాళ్ళు నిండుతుంది? నెల తిరక్కముందే మళ్ళీ కొలువు తీరింది. ఈసారి బూడిదమ్మకి కూడా ఆసనం వేశారు. పిల్లల పెంపకంలో ఆమె మాటకి ఎదురులేదిప్పుడు.

"పక్క అడవిలో నక్క ఒకడు కొత్త పథకం పెట్టాడట. అక్కడ కోళ్ళు బాగా ఎదిగాయట" అన్నాడు సింహం పెదాలు తడుపుకుంటూ. "అవి మనం పొదిగినవి కావు. మన పిల్లలకి వాటి పేర్లు కూడా తెలియవు. వెళ్ళి తెచ్చుకుంటే తప్పేముంది?"

"ఏం తప్పు లేదు" అన్నారు తల్లులందరూ.

బూడిదమ్మ లేచి నిలబడింది. "ప్రభూ, వాటినీ ఎవరో ఒక తల్లి పొదిగే ఉంటుంది కదా?"

"ఉంటుంది అత్తా. అయితే నీ పదమూడింటినే ఇమ్మంటావా?" అన్నాడు సింహం, కోపంగా కాదు, మర్యాదగానే.

రెక్క కింద ఒక పిల్ల కదిలింది. బూడిదమ్మ రెక్క దగ్గరగా ముడుచుకుంది. కూర్చుంది.

నీతి: పెంచిన కోడి కన్నబిడ్డ, పక్క అడవి కోడి ఎప్పటికీ కూరే.